అతుకులే అసలు కథ

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో టెలివిజన్ హాస్యం మీద వచ్చిన వ్యాసం చదివాను. వార్తల తునక, సీరియల్ తునక, ఒక ప్రకటన, ముఖాముఖి, మళ్లీ వార్తలు అంటూ, ఛానళ్లు తిప్పేవాడి కంటికి తగిలే దృశ్యాల్లాగా చిన్న చిన్న ప్రహసనాలను పేర్చి, టెలివిజన్‌నే ఆటపట్టించే కార్యక్రమాల గురించి వ్యాసకర్త ఒక్క పేరాలో తీర్పు చెప్పేశారు. కథ అల్లడం చేతకానివారు పట్టే అడ్డదారి అని ఒక అభియోగం. రిమోట్ తిప్పే అలవాటే తగ్గిపోతున్న కాలంలో ఆ ప్రక్రియకు ఇక పనిలేదని మరొక అభియోగం. మొదటిదానితో నాకు పూర్తిగా పేచీ ఉంది. రెండోదానిలో సగం నిజం ఉంది కనుక దాని జోలికి ఆఖరున వస్తాను.

పేరడీ తెలుగు పాఠకుడికి కొత్త సరుకు కాదు. జరుక్‌శాస్త్రి తన కాలపు కవుల మీద పేరడీలు కట్టినప్పుడు ఆ కవి నడకను, పలుకుబడిని పట్టుకుని లోపలి విషయాన్ని తారుమారు చేసేవారు. మూలాన్ని ఇష్టంగా, పలుమార్లు చదువుకున్నవాడికి తప్ప ఆ పని సాధ్యం కాదు. టెలివిజన్ పేరడీకీ ఇదే కొలబద్ద. అయితే ఇక్కడ మూలం ఒక పద్యమో ఒక సీరియలో అయితే సరిపోదు, పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా ఒక స్టేషన్ నుంచి ధారగా వచ్చే ప్రసారం మొత్తం మూలమే. వ్యాసకర్త ఒక్కో తునకను విడిగా చేతిలోకి తీసుకుని ఇందులో కథ ఎక్కడ అని వెతికారు. ఆయన వెతకవలసింది ఆ తునకలను కలిపిన అతుకుల దగ్గర.

ఈ అతుకుల సంగతిని తొలినాళ్లలోనే గట్టిగా పట్టించుకున్న విమర్శకుల్లో బ్రిటన్‌కు చెందిన రేమండ్ విలియమ్స్ ఒకరు. వారం రోజులు ఓడలో అట్లాంటిక్ దాటి మయామీ చేరిన ఆయన, ఒక రాత్రి టీవీలో సినిమా చూడటానికి కూర్చుని, మాటిమాటికీ వచ్చిపడే ప్రకటనలతోనే సతమతమవుతుండగా, అదే ఛానల్‌లో వేరే రోజుల్లో వేయబోయే మరో రెండు సినిమాల ముక్కలు కూడా మధ్యలో చొరబడటంతో, ఏ దృశ్యం ఏ సినిమాదో తెలియక తికమకపడ్డారు. 1974లో వెలువరించిన పుస్తకంలో ఆయన ఈ అనుభవం నుంచే ఒక సిద్ధాంతం రాబట్టారు: టీవీ విడివిడి కార్యక్రమాలను చూపిస్తున్నట్టు పైకి కనిపించినా నిజానికి ఒక ప్రవాహాన్ని వదులుతోందని, మనం అంతరాయం అనుకునే ప్రకటన కూడా ఆ ప్రవాహంలో భాగమేనని. పండితుణ్ణి తికమకపెట్టిన ఆ వరసే హాస్యగాళ్లకు ముడిసరుకు అయింది. (ప్రేక్షకుడు ఈ వరస మీద తన తిరుగుబాటు అంతకు ముందే మొదలుపెట్టాడనుకోండి. 1955లో జెనిత్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన ఫ్లాష్‌మేటిక్ రిమోట్‌కు జరిగిన ప్రచారంలో పెద్ద ఆకర్షణ, కుర్చీలోంచి లేవకుండానే విసిగించే ప్రకటనల నోరు మూయించవచ్చునన్నదే.)

ఈ ప్రక్రియను నిండుగా పండించినది, నా లెక్కలో, కెనడావారి ‘సెకండ్ సిటీ టెలివిజన్’. అందరూ ఎస్‌సీటీవీ అంటారు. 1976 సెప్టెంబరులో గ్లోబల్ అనే కెనడా నెట్‌వర్క్‌లో మొదలై, ఛానళ్లు మారుతూ 1984 దాకా నడిచింది. టొరంటోలో రంగస్థలం మీద అప్పటికప్పుడు హాస్యం పుట్టించే సెకండ్ సిటీ బృందానికి చెందిన జాన్ క్యాండీ, జో ఫ్లాహర్టీ, యూజీన్ లెవీ, ఆండ్రియా మార్టిన్, క్యాథరీన్ ఓహారా, హెరాల్డ్ రేమిస్, డేవ్ థామస్ తొలి నటులు; రచనలోనూ వాళ్ల చేయి ఉండేది. అంతకు ఏడాది ముందే న్యూయార్క్‌లో ఎన్‌బీసీ అనే అమెరికన్ నెట్‌వర్క్ వారు ‘సాటర్డే నైట్ లైవ్’ మొదలుపెట్టి ఉన్నారు: ప్రత్యక్ష ప్రసారం, ప్రతిసారీ ఒక ప్రముఖ అతిథి, సంగీత బృందం, ఎదురుగా కూర్చుని నవ్వే జనం. ఆ హంగులేవీ టొరంటోవారికి అందుబాటులో లేవు. అందుకని డబ్బు లేకపోవడాన్నే కథావస్తువు చేసుకున్నారు. మెలన్‌విల్ అనే ఊహాపట్టణంలో ఒక బీద టీవీ స్టేషన్ ఉంది, దాని ప్రసారాలే మీరు చూడబోయే కార్యక్రమం అన్నారు. ఇక సెట్టింగు వెలవెలబోతే అది నిర్మాతల దారిద్ర్యంగా కాక మెలన్‌విల్ స్టేషన్ దారిద్ర్యంగా లెక్కకు వచ్చింది, నవ్వుకు పనికొచ్చింది.

స్టేషన్ అన్నాక యజమాని ఉండాలి. ఆయన పేరు గై కబలేరో. తెల్ల సూటు వేసుకుని చక్రాల కుర్చీలో తిరుగుతాడు. కాళ్లు భేషుగ్గా పనిచేస్తాయి, కుర్చీలో కూర్చుంటే జనం గౌరవిస్తారని కూర్చుంటాడు. చిరుతపులి మచ్చల కోటు, అదే మచ్చల టోపీ పెట్టుకుని ఎవరినీ లెక్కచేయని ఈడిత్ ప్రిక్లీ స్టేషన్ మేనేజర్. వార్తలు చదవడానికి ఇద్దరు: గంభీరంగా కనిపించే ఫ్లాయిడ్ రాబర్ట్‌సన్, పక్కన ఎప్పుడూ తప్పులో కాలేసే ఎర్ల్ క్యామెంబెర్ట్. వీళ్లు ఒక వారం కనిపించి మాయమయ్యే వేషాలు కారు. ఏళ్ల తరబడి అదే ఆఫీసులో, అవే అసూయలతో, అదే యజమాని కింద పనిచేసే మనుషులు. వ్యాసకర్త లేదన్న కథ ఇదే.

దీనికి కౌంట్ ఫ్లాయిడ్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. వార్తలు చదివే ఆ ఫ్లాయిడే, అదే స్టేషన్‌లో వచ్చే భయానక చిత్రాల కార్యక్రమానికి రక్తపిశాచి వేషం కట్టి వ్యాఖ్యానం చెబుతాడు. రక్తపిశాచి వేషంలో ఉండి తోడేలులా ఊళ వేస్తాడు, ఎందుకంటే ఆ రెండింటికీ తేడా ఉందని అక్కడ పట్టించుకునే నాథుడు లేడు. ఉత్తర అమెరికాలోని చిన్న స్టేషన్లలో ఒకే ఉద్యోగి ఒక పూట వాతావరణ విశేషాలు చెప్పి, ఇంకో పూట వేషం మార్చి పిల్లల కార్యక్రమమో దయ్యాల సినిమాల కార్యక్రమమో నడపడం నిజంగానే ఉండేది కనుక ఇది గాలిలోంచి పుట్టిన హాస్యం కాదు. ఒకసారి స్టేషన్‌వారు పేరు చూసి మోసపోయి, తోడేలు అనే మాట ఉంది కదా అని, స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ ధోరణిలో సాగే ఒక అతినిదానపు కళాత్మక చిత్రాన్ని ఆ కార్యక్రమంలో వేస్తారు. తెర మీద మనుషులు మౌనంగా బాధపడుతుంటే, ఇది చాలా భయంకరమైన సినిమా అని పిల్లలను నమ్మించడానికి కౌంట్ ఫ్లాయిడ్ నానా అవస్థలు పడతాడు. ఇక్కడ ఎగతాళి అయింది బెర్గ్‌మనా, భయానక చిత్రాలా, చూడకుండానే సినిమా కొని స్లాటు నింపే స్టేషనా? మూడూ. కానీ నవ్వు ఆగిపోయాక మనసులో నిలిచేది మాత్రం, తాను కూడా చూడని సరుకును ముఖం చెల్లకపోయినా అమ్మవలసి వచ్చిన ఆ ఉద్యోగి ముఖం. పళ్లు పెట్టుకుని పిశాచిలా కనిపించడం మిమిక్రీ. ఆ పళ్ల వెనక ఒక వార్తాపాఠకుడి అవమానం కనిపించేలా చేయడానికి నటన కావాలి. ఆ వేషం కట్టిన జో ఫ్లాహర్టీ దాన్ని సాధించాడు.

జాన్ క్యాండీ వేసిన జానీ లారూ సంగతి కూడా ఇలాంటిదే. వీధిలో నిలబడి దారిన పోయేవారితో మాట్లాడే ఒక చౌకబారు కార్యక్రమం అతనికి దొరుకుతుంది. కెమెరాను క్రేన్ మీద పైకి లేపి తీసే ఒకే ఒక్క షాట్ కావాలని అతని ఆశ. ఖర్చని యజమాని ఒప్పుకోడు. క్రిస్మస్ ఎపిసోడ్‌లో, మంచులో ఒంటరిగా మిగిలిపోయిన లారూకు చివరకు శాంతాక్లాజ్ వచ్చి క్రేన్ ఇచ్చిపోతాడు. కెమెరా మెల్లగా పైకి లేస్తుంది. టీవీ తెరవెనక లెక్కలు తెలిసినవారికి అందులోని హాస్యం, తెలియనివారికి అందులోని దిగులు అందుతాయి. ఒక పరికరం అద్దె మీద ఇంత కరుణ పుట్టించడాన్ని అడ్డదారి అంటే, రాజమార్గం ఏదో వ్యాసకర్తే చెప్పాలి.

ఈ హాస్యం కెనడాలో పుట్టడం కాకతాళీయం అనుకోను. 1970లలోనే కేబుల్ విస్తృతంగా పరుచుకున్న దేశాల్లో కెనడా ఒకటి. సరిహద్దు అవతల బఫెలో వంటి నగరాల అమెరికన్ స్టేషన్లు టొరంటో ఇళ్లలోకి నేరుగా వచ్చేవి. పొరుగింటి పెళ్లిని గోడ మీంచి చూసినవాడికి పెళ్లివారికి తెలియని లోపాలు కనిపిస్తాయి. అమెరికాలో సీఎన్ఎన్ 1980లో, ఎంటీవీ 1981లో వచ్చాయి. అంటే ఇరవై నాలుగు గంటల ఛానళ్ల వరద అక్కడ ఇంకా పూర్తిగా రాకముందే, ఆ వరద ఎలా ఉండబోతోందో మెలన్‌విల్‌లో తెలిసిపోయింది.

పొరుగు ప్రసారాల ఒత్తిడి నుంచి స్వదేశీ సంస్కృతిని కాపాడుకోవాలని కెనడాలో ఏర్పరచుకున్న కోటా నిబంధనలు కూడా ఈ హాస్యానికి ఎర అయ్యాయి. 1980లో కార్యక్రమం అక్కడి ప్రభుత్వరంగ సంస్థ సీబీసీకి మారినప్పుడు, ప్రకటనలు తక్కువ కావడం వల్ల కెనడా ప్రసారం అమెరికాకు పంపే ప్రతికంటే రెండు నిమిషాలు ఎక్కువ ఉండేది. ఆ రెండు నిమిషాలను స్పష్టంగా కెనడా అని గుర్తుపట్టగలిగే విషయంతో నింపమని సంస్థ కోరింది. అంతకంటే కెనడాతనం ఇంకేం కావాలని నటులకు ఒళ్లుమండింది. రిక్ మొరానిస్, డేవ్ థామస్ ఇద్దరూ ఉన్ని టోపీలు, మందపాటి కోట్లు తగిలించుకుని, వెనకాల కెనడా పటం వేలాడదీసి, చేతిలో బీరు సీసాలతో, చెప్పడానికి ఏ విషయమూ లేని అన్నదమ్ములుగా కూర్చుని, నోటికి వచ్చింది మాట్లాడి ఆ రెండు నిమిషాలు పూరించారు. బాబ్, డగ్ మెకెంజీ అనే ఆ అన్నదమ్ములు చివరకు కార్యక్రమం మొత్తంలో అందరికంటే ఎక్కువ పేరు తెచ్చుకున్నారు. వాళ్ల మీద 1981లో హాస్య రికార్డు, 1983లో ఏకంగా ఒక సినిమా వచ్చాయి. కోటాను వెక్కిరించడానికి చేసినది కోటాకు అత్యుత్తమ ఫలితంగా మిగిలింది. నియమావళి రాసినవారు దీన్ని విజయంగా చెప్పుకోవాలో, సిగ్గుపడాలో నాకు ఈనాటికీ తేలలేదు.

1981లో ఎన్‌బీసీ దీన్ని శుక్రవారం అర్ధరాత్రి దాటాక తొంభై నిమిషాల కార్యక్రమంగా తీసుకుంది. నిడివి పెరిగాక అతుకులకు ఇంకా బలం వచ్చింది: స్టేషన్ తెరవెనక జరిగే ఒక గొడవ ఎపిసోడ్ పొడవునా సాగేది, ప్రహసనాలు దాని మధ్యలో వచ్చిపోయేవి. ఒక ఎపిసోడ్‌లో సోవియట్ ఉపగ్రహం మెలన్‌విల్ సంకేతాలను తొక్కేసి తన ప్రసారాలను తెర మీదికి తోస్తుంది. ఉన్నట్టుండి సోవియట్ హాస్య ధారావాహిక, సోవియట్ ప్రచారం మొదలవుతాయి. ఎవరి స్టేషన్ అయినా తన వస్తువే ప్రపంచంలో గొప్పదని ఎలా అరుస్తుందో చూపించడానికి ఆ దొంగప్రసారం ఒక సాకు మాత్రమే. వైవిధ్య కార్యక్రమాల విభాగంలో రచనకు 1982లోనూ 1983లోనూ ఎమ్మీ పురస్కారం ఎస్‌సీటీవీకే దక్కింది. అడ్డదారి పట్టిన రచయితలకు రచనకే వరసగా రెండేళ్లు బహుమతి ఇచ్చారన్నమాట.

బ్రిటన్ వైపు చూసినా బీదరికమే తల్లి. మాంటీ పైథాన్ హాస్యబృందంలోని ఎరిక్ ఐడిల్ 1975లో బీబీసీ రెండో ఛానల్‌లో ‘రట్లాండ్ వీకెండ్ టెలివిజన్’ చేశాడు. లండన్ వీకెండ్ టెలివిజన్ అనే పెద్ద సంస్థ పేరుకు ఇది వెక్కిరింత. రట్లాండ్ ఇంగ్లండ్‌లోని చారిత్రక కౌంటీల్లో అతిచిన్నది, పైగా 1974లోనే దాని పాలనాపరమైన ఉనికి రద్దయి పక్క కౌంటీలో కలిసిపోయింది. లేని ఊరికి స్టేషన్ పెట్టారన్నమాట. అందులో నీల్ ఇన్స్ పాటలతో కలిసి పుట్టిన ఒక చిన్న బీటిల్స్ పేరడీ, రట్ల్స్ అనే కల్పిత బృందంగా ఎదిగి 1978లో పూర్తినిడివి చిత్రమైంది. 1989 ఫిబ్రవరిలో స్కై సంస్థ ఉపగ్రహ ఛానళ్లతో బ్రిటన్‌లో అడుగుపెట్టిన కొద్ది కాలానికే ‘కేవైటీవీ’ అనే హాస్య కార్యక్రమం వచ్చి, చూసేవారు లేకపోయినా హోరు తగ్గని కొత్త ఛానళ్ల పోకడను పట్టేసింది. ఆ బృందం అంతకు ముందు రేడియోలో స్థానిక రేడియో స్టేషన్ మీద ఇదే పని చేసి చేయి తిరిగినవారు.

వకాల్తా పుచ్చుకున్నాను కదా అని లోపాలు దాచను. ఈ ప్రక్రియలో తొందరగా కుళ్లిపోయే భాగం ప్రముఖుల అనుకరణ. ఆ తార ఎవరో తెలియని తరానికి ఆ అయిదు నిమిషాలు శిలాశాసనం చదివినట్టే ఉంటాయి. అంతకంటే ఇబ్బంది పెట్టేది, ఇతర జాతులవారి వేషాలు కట్టడం. అర్జెంటీనా నాయకురాలు ఎవా పెరోన్ కథతో వచ్చిన ‘ఎవీటా’ సంగీత నాటకానికి పేరడీగా ఎస్‌సీటీవీ ఇందిరా గాంధీ మీద ఒక గీతరూపకం చేసింది. ఇందిర వేషం ఆండ్రియా మార్టిన్ కట్టింది. విదేశీ నాయకులను పాటలు పాడే బొమ్మలుగా మార్చే ఆనాటి రంగస్థల ఫ్యాషన్ మీద అది గురిపెట్టిందని అర్థమవుతూనే ఉంటుంది, అయినా మనవాళ్లు చూస్తే ఒకచోట నవ్వు గొంతులో ఆగుతుంది. ముఖాన్ని నమ్ముకున్నచోట ఈ హాస్యం ఓడింది, వ్యవస్థను నమ్ముకున్నచోట నిలిచింది. యజమాని పిసినారితనానికి ఏ దేశంలోనూ పాతబడే గుణం లేదు.

ఇక రెండో అభియోగం. ఛానల్ మార్చడం ఇప్పుడు పూర్వంలా లేదన్న మాట ఒప్పుకుంటాను. పాత అనలాగ్ సెట్టులో మీట నొక్కగానే క్షణంలో బొమ్మ మారేది, మధ్యలో చిన్న బుస్సుమనే చప్పుడు, తెర మీద చుక్కల తుప్పర. హాస్యగాళ్లకు అది తాళం వేసినట్టు ఉండేది. డిజిటల్ పెట్టె కొత్త ఛానల్ బొమ్మను విప్పుకోవడానికి క్షణం ఆగుతుంది, ఆ ఆగడంలో లయ చచ్చిపోతుంది. 2005లో వచ్చిన బొమ్మల ధారావాహిక ‘రోబో చికెన్’ ఇప్పటికీ ప్రహసనాల మధ్య ఆ తుప్పరనే వాడుతుంది; నేటి పిల్లల్లో చాలామంది దాన్ని నిజంగా ఎన్నడూ చూసి ఉండరు. 2014లో ‘రిక్ అండ్ మోర్టీ’ అనే కార్టూన్ ధారావాహిక సమాంతర లోకాల కేబుల్ అంటూ ఒక ఎపిసోడ్ అంతా ఛానళ్లు తిప్పించి, మాటల్లో చాలావాటిని అప్పటికప్పుడు పుట్టించి, మంచి పేరే తెచ్చుకుంది. అయితే అక్కడ తునకలు ఎన్నో ఉన్నాయి గానీ వాటిని నడిపే స్టేషన్ లేదు, యజమాని లేడు. నాకు అదే వెలితిగా తోచింది.

అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. ప్రవాహం ఆగలేదు, ఫోను తెర మీద బొటనవేలి కింద ఇంకా జోరుగా పారుతోంది: పదిహేను సెకన్ల నృత్యం, యుద్ధం, ప్రకటన, ప్రవచనం, మళ్లీ ప్రకటన. ఆ వరసను అనుకరించడం ఎవరికైనా చేతనవుతుంది. కానీ ఆ వరసను పేర్చేది ఒక లెక్కల యంత్రం. దానికి తెల్ల సూటు లేదు, దొంగ చక్రాల కుర్చీ లేదు, క్రేన్ అడిగితే కాదనే నోరు లేదు. గై కబలేరో వేషం కట్టాలంటే ముందు గై కబలేరో కనిపించాలి. ఈ ప్రక్రియకు కాలం చెల్లిందనడం కంటే, దాని ప్రతినాయకుడు ముసుగు వేసుకున్నాడనడం సరిగా ఉంటుంది. ఆ ముసుగును ఎలా ఆడించాలో తేల్చుకున్న హాస్యబృందం నాకింకా తారసపడలేదు.

సంపాదకులకు ఒక విన్నపం. సంగీత హక్కుల చిక్కుల వంటి కారణాలతో ఎస్‌సీటీవీ డీవీడీలు 2004 దాకా బయటికే రాలేదు. ఇప్పుడు చాలామంది దాన్ని ఇంటర్నెట్‌లో అయిదు నిమిషాల ముక్కలుగానే చూస్తున్నారు. ముక్క చేసేవాడు మొదట కత్తిరించేది అతుకునే: స్టేషన్ ప్రకటన, యజమాని మందలింపు, రాత్రికి రాబోయే సినిమా గురించిన అబద్ధం. మీ వ్యాసకర్త కూడా అటువంటి ముక్కలు చూసే తీర్పు రాసి ఉంటారని నా అనుమానం. ఎన్‌బీసీ కాలపు తొంభై నిమిషాల ఎపిసోడ్ ఒకటి, కల్పిత ప్రకటనలతో సహా, ఎక్కడా ముందుకు జరపకుండా ఆయన చూడాలని, చూశాక కూడా అభిప్రాయం మారకపోతే ఆ మాట ఇదే అనుబంధంలో ఈసారి ఒక పేరాలో కాక ఒక పేజీలో రాయాలని కోరుతున్నాను. ఆ పేజీకి కూడా జవాబు రాయడానికి నేను సిద్ధం.

ఇట్లు
మీ పాఠకుడు